చర్చి పేరు, బయలు పేరు

వ్యాను శుక్రవారం వస్తుందని కబురు అందినప్పటి నుంచి టిటిన్ కాలు ఒకచోట నిలవడం లేదు. కుంపటి మీద అరటికాయలు ఉడకేసి వాకిట్లోకి వెళ్ళేది. వాకిట్లోకి ఎందుకొచ్చిందో గుర్తురాక లోపలికి నడిచేది. ఆలోపు కుండ అడుగంటేది. అడుగంటిన కుండను తోముతూ తోముతూ సగంలో వదిలేసి, చేతులు గౌనుకు తుడుచుకుని, మళ్ళీ పెట్టెల దగ్గరికి వచ్చి కూర్చునేది.

ఆ పెట్టెల్లో ఉన్నవి ఆమె పెద్దమ్మ టీచర్ యూలాలీ కాగితాలు. యూలాలీ పోయి ఏడాది దాటింది. ఊళ్ళో ఆవిడ చేతికింద అక్షరాలు దిద్దనివాళ్ళు తక్కువ. బడిగంట కొట్టగానే ఆవిడ పని అయిపోయేది కాదు. కొండ మీదికి నీళ్ళ గొట్టం వెయ్యనంటే ఆడవాళ్ళందరి నెత్తిన ఖాళీ బకెట్లు పెట్టించి, జిల్లా ఆఫీసు మెట్ల మీదికి తీసుకుపోయి కూర్చోబెట్టింది. కాన్పు కోసం కిందికి మోసుకుపోతుండగా దారిలోనే ఒక పిల్ల పోతే, ఊరికి నర్సును పంపేదాకా పైవాళ్ళకు ఉత్తరాలు రాస్తూనే ఉంది. ప్రతి ఉత్తరానికీ నకలు దాచింది. తెల్లకాగితం దొరకనప్పుడు అరటిపళ్ళ అట్టపెట్టెలు చింపి, అట్టల వెనక పాఠాలు రాసుకుంది. రాజధానిలో పాత పత్రాలు భద్రపరిచే ఆఫీసు ఒకటి ఉంది. ఊళ్ళోవాళ్ళు దాన్ని కాగితాలాఫీసు అంటారు. ఆ ఆఫీసువాళ్ళు ఇవన్నీ తమకు ఇమ్మన్నారు. తీసుకుపోవడానికే శుక్రవారం వ్యాను పంపుతున్నారు.

ఇవ్వడానికి టిటిన్‌కి అభ్యంతరమేమీ లేదు. ఇబ్బందంతా ఒక చిన్న కట్టతోనే.

ఒకప్పుడు బడిలో ఇంగ్లీషు కాకుండా ఇంటిభాష పట్వా మాట్లాడితే పిల్లల అరచేతులు వాచిపోయేవి. అలా కొట్టినవాళ్ళలో యూలాలీ కూడా ఉంది. ఆ యూలాలీయే సాయంత్రాలు అరటిగెలలు పెట్టెలకెత్తే షెడ్డులో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, పట్వాలోనే చదువు చెప్పింది. దానికి ఎవరి అనుమతీ లేదు. వచ్చేవాళ్ళు కూడా పొలం చూసొస్తామనో, గాడిద తప్పిపోయిందనో ఇంట్లో చెప్పి వచ్చేవాళ్ళు. రాసిన కాగితం ఇంటికి పట్టుకుపోయి పిల్లల కంట పడనిచ్చే ధైర్యం ఒక్కరికీ లేదు. మీ కాగితాలు నా దగ్గరుంటాయి, ఎవరికీ చూపించను, కావాలన్నప్పుడు తీసుకోండి అని టీచర్ మాటిచ్చింది. ఆ తర్వాత ఎవరూ వచ్చి అడగలేదు. ఆ మాట ఆవిడ చివరి జబ్బులో టిటిన్‌కి అప్పగించి పోయింది.

కట్టను అలాగే దాచేస్తే సరిపోయేది. కానీ రాజధానిలో ఒక పెద్దాయన పల్లెల చదువు గురించి పుస్తకం రాశాడు. పెద్దవాళ్ళకు చదువు చెప్పడమనేది చాలా ఏళ్ళ తర్వాత, సర్కారు మొదలుపెట్టాకే వచ్చిందని అందులో ఉంది. అంతకుముందు కొండ ఊళ్ళలో అలాంటి బడి ఉన్నట్టు ఆధారం లేదట. ఆ వాక్యం చదివినరోజు టిటిన్ అన్నం తినలేదు. కాగితాలాఫీసు నుంచి వచ్చే మిస్ డెల్సీ ఫోన్‌లో మెత్తగానే చెప్పింది. షెడ్డు బడి సంగతి తామూ విన్నామని, ఒక్క కాగితమైనా కనబడకపోతే విన్నమాటగానే మిగిలిపోతుందని. ఇస్తే పెద్దమ్మ మాట పోతుంది. ఇవ్వకపోతే పెద్దమ్మ బడి పోతుంది.

చివరికి టిటిన్‌కి ఒక దారి తోచింది. ఎవరి కాగితం వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తుంది. ఆఫీసుకు ఇవ్వడం వాళ్ళకు ఇష్టమైతే వాళ్ళే ఇస్తారు. కొందరివి, వాళ్ళ చర్చి పేర్లు ఎరిగి ఉండటంతో, తేలిగ్గానే పోల్చుకుంది. ముసలి కానిస్ తన కాగితం చేతికందగానే కుంపట్లో వేసి, అది మసైందాకా చూసి, ఆమెకు కోకో టీ పోసి ఇచ్చాడు. టిటిన్ తాగి వచ్చేసింది. అది అతని కాగితం, అతని ఇష్టం.

మిగతా కాగితాల దగ్గర ఆమెకు దారి మూసుకుపోయింది. వాటి మీద ఉన్నవి ఎవరివో తెలియని చర్చి పేర్లు.

ఆ ఊళ్ళో మనిషికి రెండు పేర్లు. బాప్తిస్మం నీళ్ళు పోసినప్పుడు ఫాదర్ పెట్టిన పేరు ఒకటి. పచ్చిక బయలులో తోటిపిల్లలు అరిచి పిలిచే పేరు ఇంకొకటి. జీవితమంతా నడిచేది బయలు పేరుతోనే. చర్చి పేరు పొరుగువాళ్ళకు కూడా తెలియదు. మనిషి పోయాక రేడియోలో చావుకబురు చదివేటప్పుడు, ఫలానా ఆగ్నెస్ మేరీ, అందరూ ఫిఫీ అనే ఆవిడ, అని చెబితే, ఓహో ఫిఫీ అసలు పేరు ఇదా అని అప్పుడు తెలుస్తుంది. అందుకే బతికున్న మనిషిని నీ చర్చి పేరేమిటని ఎవరూ అడగరు. అడిగితే నాకు పాడె కడుతున్నావా అంటారు. టిటిన్‌కి కూడా అడగడానికి నోరు రాలేదు.

ఆ కట్టలో ఒక్క పేరు మాత్రం ఆమెకు తెలిసినదే కనిపించింది. లియోన్స్ ఒగస్టిన్. ఒగస్టిన్ ఇంటిపేరు ఊళ్ళో సగం మందిది. లియోన్స్ మాత్రం ఒక్కడే. హమ్మయ్య, ఈయనకు రెండు పేర్లూ ఒకటే కాబోలు అనుకుని మంగళవారం పొద్దున్నే కాగితం తీసుకుని ఆయన ఇంటికి బయలుదేరింది.

ఊరంతా రెండు పూల సంఘాలు. గులాబీ సంఘం, మార్గరీత్ సంఘం. పుట్టడమే ఒక సంఘంలో పుడతారు. ఒక్కో సంఘానికీ రాజు, రాణి, పాటగాళ్ళు ఉంటారు. పండగకు ముందు ప్రతి శనివారం కూడి పాడతారు, ఎదుటి సంఘాన్ని పాటలోనే ఉతికి ఆరేస్తారు. మార్గరీత్‌వాళ్ళు ఇస్త్రీ మడత చెడనివాళ్ళని పేరు. గులాబీవాళ్ళకు నోరెక్కువ. ఆ నోటికి నాయకుడు లియోన్స్. తల నెరిసింది కానీ గొంతు నెరవలేదు. పండగ నెల కావడంతో వాకిట్లో వెదురు చీలుస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

మీదొక కాగితం మా ఇంట్లో ఉండిపోయింది మిస్యే, అని టిటిన్ మర్యాదగా పిలిచి చెబితే, పోలీసులు పంపిందేనా అని ఆయన నవ్వాడు. పెద్దమ్మ దగ్గర మీరు రాసిందేనని చెప్పాక నవ్వు ఆపాడు. కాగితం వంక కాసేపు చూశాడు.

“కళ్ళద్దాలు లోపలెక్కడో ఉన్నాయి. నువ్వే చదువమ్మాయ్.”

టిటిన్ చదివింది.

“నా పేరు లియోన్స్ ఒగస్టిన్. మా ఇంటి వెనక సీమపనస చెట్టు ఉంది. పిడుగు పడి సగం చచ్చింది. మిగతా సగం కాస్తుంది. మంచి కాయలు మా అత్త తన కొడుక్కి పెడుతుంది. నాకు పీచు కాయలు పెడుతుంది. రాయడం వచ్చింది కాబట్టి రాశాను.”

అత్త అన్నచోటే టిటిన్ గొంతు తడబడింది. కానీ నోరు ఆగేలోగా మిగతా ముక్కలు కూడా బయటికి వచ్చేశాయి. లియోన్స్ కత్తి పక్కన పెట్టాడు.

“నాకు అత్తగారెక్కణ్ణించి వచ్చిందే? ఒక్కతైనా నన్ను చేసుకుంటే కదా.”

“మరి పేరు...”

“లియోన్స్ మా అమ్మమ్మ పిలిచిన పేరు. చర్చిలో నేను ఎమ్మానుయేల్‌ని తల్లీ. రేడియోలో విని ఏడవాల్సిందానివి, ముందే చెప్పించావు.” ఆయన కళ్ళు సన్నబడ్డాయి. “పిడుగు పడ్డ సీమపనస ఈ కొండ మీద ఒక్క పెరట్లోనే ఉంది. అయితే మార్గరీత్ రాణీగారు అరటి షెడ్డులో అక్షరాలు దిద్దుకుందన్నమాట.”

సెసిల్. టిటిన్ కాగితం మడిచేసింది. మార్గరీత్ సంఘానికి ఇప్పటి రాణి సెసిల్. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆవిడే. ఇంకెవరైనా చదువుతూ తడబడితే ముందు బెంచీలోంచి సరిచేసేదీ ఆవిడే. చిన్నప్పుడు పట్నంలో కాన్వెంటు చదువు చదివిందని ఊరంతా అనుకుంటుంది. కాదని ఆవిడ ఎప్పుడూ అనలేదు. ఇక ఆ అత్తగారంటే మార్గరీత్ సంఘాన్ని పెట్టిన మొదటి రాణి. ఆమె ఫొటో సంఘం హాల్లో వేలాడుతుంది. దాని కింద నిలబడే సెసిల్ ఏటేటా ఉపన్యాసం ఇస్తుంది.

మీరు ఇది వినలేదనుకోండి మిస్యే, అని టిటిన్ బతిమాలింది.

“వినేశానుగా. శనివారానికి కొత్త పాటేదని మావాళ్ళు ప్రాణం తోడేస్తున్నారు. దేవుడే నిన్ను పంపాడు.” అప్పుడే ఆయన వేళ్ళు వెదురు బద్ద మీద తాళం వేస్తున్నాయి. “పీచు కాయల రాణీ... ఊఁ. బాగానే కుదురుతోంది.”

ఇంటికి ఎలా వచ్చిందో టిటిన్‌కి తెలియదు. పెద్దమ్మ అన్నేళ్ళు గుట్టుగా మోసిన మాటను తను పొద్దున్నే వాకిట్లో నిలబడి, స్పష్టంగా, పదం పదం విడగొట్టి చదివి వినిపించింది. అదీ ఎవరికో కాదు, పాట కట్టేవాడికి. సెసిల్ ఇంటికి వెళ్ళాలి. లియోన్స్ నోటి నుంచి వినకముందే తన నోటి నుంచి వినాలి. ఆ సాయంత్రం సెసిల్ వీధి మొదటిదాకా వెళ్ళి, దుకాణంలో అక్కర్లేని ఉప్పుచేప కొనుక్కుని వెనక్కి వచ్చింది. బుధవారం వాన పడిందని వెళ్ళలేదు. వాన తగ్గాక కూడా వెళ్ళలేదు. పెట్టెలకు తాళ్ళు కట్టింది, కట్టినవి విప్పింది. గురువారం మధ్యాహ్నం ఇక ఇంట్లో ఉండలేక, తలకు గళ్ళ గుడ్డ చుట్టుకుని బయటపడింది.

సెసిల్ గంజిపెట్టిన తెల్ల జాకెట్టు ఇస్త్రీ చేస్తోంది. కూర్చోమంది. టిటిన్ కూర్చోలేదు. గుమ్మం పక్కన నిలబడే జరిగిందంతా చెప్పింది. సెసిల్ ఇస్త్రీ ఆపలేదు. ఒక చెయ్యి అయ్యాక జాకెట్టు తిప్పి రెండో చెయ్యి మొదలుపెట్టింది.

“ఎంతవరకు చదివావు?”

“అంతా చదివాను టాంటీ.” ఊళ్ళో పెద్దవయసు ఆడవాళ్ళను పిన్నీ అన్నట్టు టాంటీ అంటారు.

“పీచు కాయలు కూడా?”

“ఆ.”

సెసిల్ ఇస్త్రీపెట్టె తీసి ఇనప చట్రం మీద పెట్టింది.

“కళ్ళద్దాలు లోపలున్నాయన్నాడా?”

“అవును.”

“వాడికి కళ్ళద్దాలు లేవు. ఎప్పుడూ లేవు.” ఆవిడ గొంతు ఎప్పుడూ చర్చిలో వినపడేంత గట్టిగానే ఉంటుంది. ఇప్పుడు తగ్గింది. “వాడికి అక్షరం ముక్క రాదు. ఆ సంగతి వాడు చెప్పడు, మేం అనం. వాడి మీద మేం కట్టని పాటుందా? వాడి నడక మీద కట్టాం. వాడి గాడిద మీద కట్టాం. ఆడది దొరకలేదని కట్టాం. అది మాత్రం కట్టలేదు. ఒకసారి మాలో ఒకతె కట్టి తెస్తే నేనే దాని నోరు మూయించాను.”

ఇప్పుడు కడతారా అన్న మాట టిటిన్ నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. సెసిల్ చెయ్యి చాపితే కాగితం ఇచ్చింది. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి, పెదాలు కదుపుతూ, చాలాసేపు చదివింది.

“ఇక్కడొక అక్షరం తప్పు రాశాను. మీ పెద్దమ్మ దిద్దలేదు.”

“ఆ కట్టలో ఎవరివీ దిద్దలేదు టాంటీ.”

“బడి పిల్లలవైతే ఎర్రసిరాతో ముంచేసేది.” సెసిల్ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది. ఆనాటి సంగతి తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పింది. పేరు రాయమంటే సెసిల్ అని రాయబోయిందట. అది కాదు, ఫాదర్ పెట్టిన పేరు రాయమందట యూలాలీ. తనకేం తెలుసు? పెళ్ళిలో ఫాదర్ ఏదో పేరు చదివాడు, అది ఇంగ్లీషో లాటినో కూడా తనకు తెలియలేదు. యూలాలీ కిందికి దిగిపోయి, పాద్రీగారి బాప్తిస్మాల పుస్తకంలో చూసొచ్చి, నువ్వు లియోన్స్‌వి అని చెప్పింది. మగాడి పేరులా ఉందని బెంచీ బెంచీ అంతా నవ్వింది.

“రేపేనా వ్యాను?”

“పొద్దున్నే.”

“కాగితం ఇక్కడుంచి వెళ్ళు.”

టిటిన్ వీధిలోకి వచ్చాక ఒక్కసారి వెనక్కి చూసింది. సెసిల్ వంటింటి వైపు నడుస్తోంది. కుంపటి అక్కడే ఉంటుంది.

శుక్రవారం వ్యాను చెప్పిన వేళ కంటే ముందే వచ్చింది. వ్యాను చూడడానికి ఊరూ వచ్చింది. లియోన్స్ గోడ మీద కూర్చుని అందరికీ ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. టిటిన్ కనబడగానే పెదాలు బిగించి, కూనిరాగం అందుకున్నాడు. మిస్ డెల్సీ చిన్న వయసు పిల్ల. పొడుగు వేళ్ళకు తెల్ల తొడుగులు వేసుకుని, ప్రతి పెట్టెనూ నిద్రపోతున్న బిడ్డను ఎత్తినట్టు ఎత్తి డ్రైవరుకు అందించింది. పెట్టెలన్నీ ఎక్కాక, షెడ్డు బడివి కూడా ఉన్నాయా అని అడిగింది. అవి నావి కావండీ అంది టిటిన్. కట్ట ఆమె చంకలోనే ఉంది. మిస్ డెల్సీ దాన్ని చూసింది. వ్యాను తలుపు వెయ్యమని డ్రైవరుకు సైగ చేసింది.

అప్పుడు జనం పక్కకు జరిగారు. సెసిల్ వస్తోంది. ఆదివారం టోపీ పెట్టుకుంది. ఇస్త్రీ చేసిన తెల్ల జాకెట్టు వేసుకుంది. ఎవరివంకా చూడకుండా నేరుగా వ్యాను దగ్గరికి వచ్చి, బైబిల్లోంచి కాగితం తీసి మిస్ డెల్సీ చేతిలో పెట్టింది.

“షెడ్డు బడిది. నేను రాసిందే.”

మిస్ డెల్సీ కాగితం చూసి, పేరు చదివి, లియోన్స్ ఒగస్టిన్‌గారంటే ఎవరండీ, ఉన్నారా అని మర్యాదగా అడిగింది. గోడ మీద లియోన్స్ కూనిరాగం ఆగింది.

“నేనే. అది చర్చిలో పెట్టిన పేరు. పక్కన సెసిల్ అని రాసుకో. రాయకపోతే ఇంకో లియోన్స్ ఉన్నాడిక్కడ, చదివినవాళ్ళు ఆయనే రాశాడనుకుంటారు. ఆయనకేమో...”

ఆవిడ ఆగింది. తల తిప్పి లియోన్స్ వంక చూసింది. ఊరందరికీ తెలిసిన మాట, ఇన్నేళ్ళూ ఏ పాటలోకీ రాని మాట, ఆవిడ నోటి అంచున ఉంది. లియోన్స్ కిందికి చూశాడు. గోడ మీద ఆనించిన చేతులు బిగుసుకున్నాయి.

“ఆయనకేమో అత్తగారే లేరు,” అంది సెసిల్.

జనం గొల్లుమన్నారు. అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా లియోన్స్ నవ్వాడు. నవ్వి గోడ దిగి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. నా పాట పాడు చేసిందిరా అని పక్కవాడితో గొణిగాడు.

మిస్ డెల్సీ కాగితం చదువుతోంది. పెద్దరాణిని, అత్తగారిని, అలా రాయొచ్చా సెసిల్, అని మార్గరీత్‌వాళ్ళలోంచి ఎవరో నొచ్చుకున్నట్టు అడిగారు. కాగితంలో ఏముందో అప్పటికే గోడ దగ్గర సగం మందికి తెలుసని టిటిన్‌కి అర్థమైంది.

“అబద్ధం రాయలేదు. పీచు కాయలే పెట్టేది. మిగతా అన్నిటిలో దొడ్డ మనిషి.” సెసిల్ టోపీ సర్దుకుంది. తర్వాత టిటిన్ వైపు తిరిగి చెయ్యి చాపింది. “ఆ కట్ట ఇటు తే. ఎవరిది ఏదో నేను చెబుతాను. అందరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం, ఆ చేతిరాతలు నాకు తెలుసు. ఇప్పుడే తేలిపోతుంది, పిల్లకి మళ్ళీ ఈ కొండెక్కే పని తప్పుతుంది.”

మిస్ డెల్సీ ఆశగా చూసింది. ఇచ్చేస్తే నిజంగా తేలిపోతుంది. ఇక ఈ తిరుగుడు ఉండదు, కుండ అడుగంటదు. టిటిన్ చెయ్యి సగం దాకా లేచింది. కట్టలో పైకాగితం అంచు గాలికి కొట్టుకుంటుంటే, బొటనవేలితో నొక్కిపట్టింది.

“వద్దు టాంటీ.”

“ఏం, నా దగ్గర కూడానా? నాది అందరి ముందూ పెట్టానుగా.”

“మీది మీరు పెట్టారు. ఇవి మీవి కావు.”

సెసిల్ చాపిన చెయ్యి అలాగే ఉంచి ఒక క్షణం చూసింది. ఆ చూపులో మెచ్చుకోలు ఏమీ లేదు. నలుగురిలో మాట పడిన రాణి చూపు అది. చెయ్యి వెనక్కి తీసుకుని, బైబిల్ చంకన పెట్టుకుని, వచ్చినట్టే ఎవరివంకా చూడకుండా దిగువకు నడిచింది. మార్గరీత్‌వాళ్ళు ఆవిడ వెనకే కదిలారు.

పండగ అయ్యాక ఇంకోసారి వస్తానని, అప్పటికి ఇంకొన్ని దొరికితే చెప్పమని మిస్ డెల్సీ అంది. దొరుకుతాయని టిటిన్ అనలేదు. సెసిల్ కాగితాన్ని ఆ పిల్ల పెట్టెలో పెట్టలేదు. రెండు పలచని అట్టల మధ్య ఉంచి, ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. వ్యాను మలుపు తిరిగింది.

జనం పల్చబడ్డారు. చినుకులు మొదలయ్యాయి. టిటిన్ కట్టను జాకెట్టులోపల దోపి బొత్తాలు పెట్టుకుంది. ఈసారి చదవకూడదు, చూపించకూడదు. ముందు పేరు అడగాలి. నాకు పాడె కడుతున్నావా అని తిట్టినా నిలబడి, మళ్ళీ అడగాలి. కొందరికి చెముడు కూడా, గట్టిగా అడగాల్సివస్తుంది, పక్కింటికి వినపడకుండా. అదెలాగో ఆమెకు తెలియలేదు. తలుపు గడియ పెట్టకుండానే పైవీధి వైపు నడక మొదలుపెట్టింది.